ప్రయోజనం, సంబంధం: తరగతిగదిలో ప్రేరణకు నైతిక ప్రమాణం

ప్రస్తావన

శాస్త్రగ్రంథం ఆరంభంలోనే నాలుగు అంశాలను స్పష్టం చేయాలన్నది భారతీయ సంప్రదాయం. విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే ఈ నాలుగింటికి అనుబంధ చతుష్టయమని పేరు. ప్రయోజనం లేనిదే మందబుద్ధి సైతం ఏ పనికీ పూనుకోడన్న కుమారిలభట్టు వాదం ప్రసిద్ధమే. విద్యార్థికి చదువుపై ఆసక్తి లేదన్న ఫిర్యాదుకు నేటి తరగతిగది ఇచ్చే సమాధానం కూడా దాదాపు ఇదే: ప్రయోజనాన్ని చూపితే ఆసక్తి అదే పుడుతుంది. అయితే ఆ ప్రయోజనాన్ని సమకూర్చడం ఉపాధ్యాయుని చేతిలో లేనప్పుడు, దానిని ఆశగా చూపి చదివించడం న్యాయమేనా? కామారెడ్డి జిల్లా బాన్సువాడ ప్రాంతాన్ని సందర్భంగా తీసుకొని ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది.

భయం

భయపెట్టి చదివించడంలోని పరిమితిని పోతన భాగవతం సప్తమస్కంధం స్పష్టంగా చూపింది. చండామార్కులు ప్రహ్లాదుని బెదిరించి ధర్మార్థకామాలను బోధించారు. అతడు వాటిని నేర్చాడు. మేలైనవని మాత్రం అంగీకరించలేదు. గురువులు ఇంటిపనులలో ఉన్న వేళ తోటి దైత్యబాలురు ఆటలు మాని అతని మాటలు విన్నారు. భయం వల్ల ధారణ కలగవచ్చు, సమ్మతి కలగదు.

2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. బెత్తం పోయినా, చదవకపోతే కూలికి పోవలసి వస్తుందన్న మాట తరగతిగదుల్లో నిలిచే ఉంది. బాన్సువాడ చుట్టుపక్కల గ్రామాల్లోనూ తండాల్లోనూ వ్యవసాయ కూలీల పిల్లలు, బీడీలు చుట్టే తల్లుల పిల్లలు, తండ్రులు గల్ఫ్‌కు వలసపోయిన పిల్లలు బడికి వస్తారు. కుటుంబంలో తొలితరం విద్యార్థికి ఆ మాట హెచ్చరికగా వినిపించదు. తన తల్లి చేసే పని శిక్ష అనీ, ఆమె బతుకు ఓటమి అనీ అతడికి అర్థమవుతుంది. చదువుపై గౌరవం కలిగించబోయి కన్నవారిపై అగౌరవం నేర్పడం నైతికంగా సమర్థనీయం కాదు.

ఫలాశ

భయానికి ప్రత్యామ్నాయంగా కనిపించేది ఫలాశ. చదివితే ఉద్యోగం వస్తుందనడం అందులో ముఖ్యమైన రూపం. ఇక్కడ చిన్నయసూరి నీతిచంద్రిక (1853) కథాప్రారంభం ఆలోచింపజేస్తుంది. చదువు అబ్బని కొడుకులను చూసి సుదర్శన మహారాజు చింతిస్తాడు. వారిని ఆరు నెలల్లో నీతివిదులను చేస్తానని విష్ణుశర్మ పూనుకొంటాడు. ఆ బాలురకు రాజ్యం సిద్ధంగానే ఉంది. అయినా ఆ ఆచార్యుడు ఆశ్రయించింది రాజ్యంపై ఆశను కాదు, కథపై కుతూహలాన్ని. ఫలం ఖాయమైన చోటనే అవసరపడని ప్రలోభాన్ని, ఫలం అనిశ్చితమైన చోట వాగ్దానంగా వాడడం మరింత ప్రమాదకరం. పరీక్షలో ఉత్తీర్ణుడైనా ఉద్యోగం దొరకని అన్నను ఇంట్లోనే చూస్తున్న తమ్ముడికి ఆ వాగ్దానంపై నమ్మకం కుదరదు. అప్పుడతని నిరాసక్తత సోమరితనం కాదు, ఉపాధ్యాయుని మాటపై అతడు వెలిబుచ్చిన సందేహం.

నీతిచంద్రిక తరువాతి చరిత్ర మరొక పాఠం చెబుతుంది. చదువు అబ్బని బాలురను కథతో ఆకర్షించిన ఆచార్యుని వృత్తాంతం పాఠ్యగ్రంథమైనాక, దాని గ్రాంథికభాషే ఎందరో విద్యార్థులకు అడ్డుగోడ అయింది. బడిభాష పిల్లల వాడుకకు దూరమైతే చదువు కుంటుపడుతుందన్న గిడుగు రామమూర్తి వాదానికి మూలం ఇటువంటి అనుభవమే. తెలుగు, ఉర్దూ, లంబాడీ భాషలు ఇళ్లలో వినిపించే బాన్సువాడ ప్రాంతంలో, ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 నుంచి ఆంగ్లమాధ్యమం విస్తరిస్తున్న వేళ, ఆ వాదానికి ప్రాసంగికత తగ్గలేదు.

సంబంధం

ప్రేరణను గురించిన చర్చ ప్రయోజనం దగ్గరే ఆగి సంబంధాన్ని విస్మరించింది. శాస్త్రపరిభాషలో సంబంధమంటే గ్రంథానికీ దాని విషయానికీ ఉన్న బంధం. తరగతిగది విషయంలో దానిని పాఠానికీ విద్యార్థి అనుభవానికీ ఉన్న బంధంగా విస్తరించుకోవచ్చు.

మంజీరపై 1923-31 మధ్య నిర్మితమైన నిజాంసాగర్ ప్రధాన కాలువ బాన్సువాడ మీదుగా సాగుతుంది. తూము దగ్గరి పొలానికి ముందు, చివరి పొలానికి ఆలస్యంగా నీరందడం అక్కడి పిల్లలకు తెలిసిన సంగతే. నలభై గుంటలు ఒక ఎకరమనీ, వెయ్యి బీడీలకు ఇంత కూలి అనీ వారు ఇంట్లో వింటూనే ఉంటారు. నిష్పత్తి పాఠం ఆ నీటివంతుతో, ఆ కూలిలెక్కతో మొదలైతే పాఠ్యవిషయం మారదు, విద్యార్థి స్థానం మారుతుంది. ఏమీ తెలియనివాడుగా కూర్చున్నవాడు కొంత తెలిసినవాడుగా మాట్లాడతాడు. చివరి పొలానికి నీరు ఎందుకు తగ్గిందని అడిగిన నాడు లెక్క పూడిక గురించి, నదుల గురించి, న్యాయం గురించిన ప్రశ్నలకు దారితీస్తుంది. అధికారి అనే నాలుగో అనుబంధానికి ఇదే ఆధారం: అర్హత ముందే ఉండవలసిన షరతు కాదు, బోధన గుర్తించవలసిన వాస్తవం.

దీనిపై రెండు ఆక్షేపణలకు అవకాశముంది. పరిచిత విషయాలకే పరిమితమైతే పిల్లవాడు ఊరు దాటడన్నది మొదటిది. పరిచితం ఆరంభమే గాని గమ్యం కాదు గనుక ఇది నిలవదు. రెండవది బలమైనది. కూలిపని మాని బిడ్డను బడికి పంపిన తల్లి జిజ్ఞాస కోసం పంపలేదు, బతుకుదెరువు కోసం పంపింది. ఉద్యోగచింత వద్దనడం కడుపు నిండినవారి మాట కాదా? అందుకే ఉపాధ్యాయుడు జీవనోపాధిని దాచకూడదు, దాని గురించి నిజం చెప్పాలి. చదువు అవకాశాన్ని పెంచుతుంది, హామీ ఇవ్వదు. ఆ నిజం విన్న తరువాత కూడా విద్యార్థి మరునాడు పుస్తకం తెరవాలంటే, ఆ రోజు పాఠంలోనే అతనికి ఏదో ఒకటి దక్కి ఉండాలి.

ముగింపు

తాను ఇవ్వగలిగినదానినే వాగ్దానం చేయడం ప్రేరణకు నైతిక ప్రమాణం. ఉద్యోగం ఉపాధ్యాయుని చేతిలో లేదు; పాఠం అర్థమయ్యేలా చెప్పడం, ప్రశ్నను గౌరవించడం, ఇంటి శ్రమను కించపరచకపోవడం అతని చేతిలో ఉన్నాయి. విద్యార్థికి ఆసక్తి లేదని నిర్ణయించే ముందు, పాఠానికీ అతనికీ సంబంధం ఏర్పడిందా అని తరగతిగది తనను తాను ప్రశ్నించుకోవాలి.