ఫ్రేము మనది, బొమ్మ ఎవరిది?

ఖానాపూర్‌లో మా చిన్నాయన కొడుకు ఇంటి వెనక రేకుల షెడ్డులో టీషర్టుల మీద ప్రింటింగ్ చేస్తాడు. మొదట్లో పెండ్లి కార్డులు, విజిటింగ్ కార్డులు వేసేవాడు. పెండ్లి పిలుపులు వాట్సాప్‌లోకి వెళ్ళాక గిరాకీ తగ్గి, కాగితం వదిలి బట్ట మీదికి వచ్చాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే నేను, సెలవులకు పోయినప్పుడు వాడి పనిలో ఓ చెయ్యి వేస్తుంటాను. పోయినేడు ఆ షెడ్డులో ఎదురైన ఒక ప్రశ్న నన్ను ఇంకా వదల్లేదు. అది చెప్పాలంటే ముందు ఆ పని ఎలా జరుగుతుందో చెప్పాలి.

చెక్క ఫ్రేముకి పాలియెస్టర్ జాలీ బిగిస్తారు. వెలుతురు తగిలితే గట్టిపడే ఎమల్షన్ దానికి పూసి చీకట్లో ఆరబెడతారు. బొమ్మని నల్లగా ఫిల్ము మీదికి తీసి, జాలీకి ఆనించి, ట్యూబులైట్లు బిగించిన పెట్టె మీద పెడతారు. నలుపు ఉన్నచోట వెలుతురు పడదు కాబట్టి అక్కడి ఎమల్షన్ నీళ్ళు కొడితే పోతుంది. ఆ ఖాళీల్లోంచే రంగు బట్ట మీదికి దిగుతుంది. రంగుకొక ఫ్రేము కావాలి. కష్టమంతా మొదటి టీషర్టు దాకానే. రెండోదానికైనా రెండు వందలోదానికైనా అయ్యేది కాస్త రంగు, బట్ట, ఒకటి రెండు నిమిషాలు. ఒకసారి రాసిన కోడ్‌ని పదిసార్లు వాడుకుని బతికే నాకు ఇందులో వింతేం లేదు. కష్టం తీరిపోయింది కాబట్టి ఇక మిగిలిందంతా మనదే అనిపించడం కూడా నాకు అలవాటైన సంగతే.

ఆగస్టు 9, ఆదివాసీ దినోత్సవం కోసం ఉట్నూరు వైపు నుంచి కొందరు గోండు పిల్లలు వచ్చి నలభై టీషర్టులు చేయించుకున్నారు. బొమ్మ గీసింది వాళ్ళలోనే డిగ్రీ చదివే ఒకబ్బాయి. కొమురం భీం ముఖం, కింద జల్, జంగల్, జమీన్. ఒక్క రంగు స్క్రీన్‌లో చుక్కలుగా విడగొడితే తప్ప నడిమి ఛాయలు రావు. రంగు పడాలి, లేదంటే పడకూడదు. అందుకని ఆ అబ్బాయి ఏ గీత ఉంచాలో ఏది తీసేయాలో చూసుకుని మూడుసార్లు గీసుకొచ్చాడట.

ఆ నెల్లోనే మా ఆఫీసులో టీమంతా ఊరికి దూరంగా రెండు రోజులు గడపాలనుకుంది. అందరికీ ఒకేలాంటి టీషర్టులు కావాలన్నారు. నా ఫోన్‌లో ఆ బొమ్మ చూసి అదే బాగుందన్నారు. అరవై కావాలి. తమ్ముడికి ఫోన్ చేస్తే, "ఫ్రేము ఇంక కడగలే అన్నా, రెండ్రోజుల్ల ఇచ్చేస్త" అన్నాడు. నేను సరేనన్నాను. రాత్రికి గానీ అనుమానం రాలేదు.

భీం అందరివాడు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల కాల్పుల్లో చనిపోయిన మనిషి. ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం ఉంది, ఒక జిల్లాకి ఆయన పేరుంది. ఆ ముఖం మీద ఎవరికి హక్కుంటుంది? నిజమే, కానీ ఆ గీతలు భీంవి కావు, ఆ అబ్బాయివి. 1957 కాపీరైట్ చట్టం కూడా మామూలుగా గీసినవాడినే మొదటి హక్కుదారు అంటుంది. ఫ్రేము మా తమ్ముడి షెడ్డులో ఉన్నంత మాత్రాన బొమ్మ వాడిదైపోదు.

మరైతే అడిగి, డబ్బులిస్తే సరిపోతుందా? ఇక్కడ నాకు చే గెవారా ఫొటో గుర్తొచ్చింది. 1960 మార్చి 5న హవానాలో దాన్ని తీసింది అల్బెర్టో కోర్డా. 1968లో ఐర్లాండ్ చిత్రకారుడు జిమ్ ఫిట్జ్‌పాట్రిక్ దాంట్లోని నడిమి ఛాయలు తీసేసి పోస్టరు చేశాక అది లోకంలో ప్రతి టీషర్టు మీదికీ ఎక్కింది. కోర్డా ఏళ్ళ తరబడి ఎవర్నీ పైసా అడగలేదు. కానీ 2000లో ఒక వోడ్కా ప్రకటనలో ఆ ఫొటో కనబడితే మాత్రం కోర్టుకెక్కాడు, వచ్చిన డబ్బుని క్యూబా పిల్లల వైద్యానికి ఇచ్చేశాడు. ఆయన పట్టింపు డబ్బు గురించి కాదు, ఆ ముఖం దేనికి వాడుతున్నారనే దాని గురించి.

మా ప్రాంతంలో ఇంకో సంగతి కూడా ఉంది. 1/70 చట్టం ఇక్కడ పిల్లలకి కూడా తెలుసు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఆదివాసీ తన భూమిని గిరిజనేతరుడికి అమ్మకూడదు. ఇష్టపడి సంతకం పెట్టినా ఆ అమ్మకం చెల్లదు. ఇద్దరి బలం సమానంగా లేనప్పుడు 'సరే' అన్న మాటని పూర్తిగా నమ్మలేమని ఆ చట్టం అర్థం. బొమ్మల విషయంలో అలాంటి అడ్డు లేదు, సంతకం ఉంటే చాలు. అవసరంలో ఉన్న కుర్రవాడికి నేను రెండు వేలు ఇస్తానంటే వద్దంటాడా? పోనీ అలాగని, అతనికి మంచీ చెడూ తెలియదన్నట్టు అడక్కుండా నేనే మానేస్తే, అదో రకం పెత్తనం. ఈ రెంటి మధ్య నాకు దారి దొరకలేదు. చివరికి ఫోన్ చేశాను.

అంతా విని ఆ అబ్బాయి అవుననలేదు, కాదనలేదు. "మీ ఆఫీసుల మావోళ్ళు ఎవరన్న ఉన్నరా అన్నా?" అని అడిగాడు.

నాకు తెలిసి లేరు. ఆ మాటే చెప్పాను. కొంచెంసేపాగి, "అయితే వాళ్ళు గది ఎందుకు తొడుక్కుంటరు?" అన్నాడు. కోపంగా కాదు, తెలుసుకుందామనే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. బాగుంది కాబట్టి అనొచ్చు. అంతకంటే పెద్ద కారణం మా దగ్గర లేదని అప్పుడే నాకూ అర్థమైంది. ఆయన పోరాడి చచ్చిపోయింది భూమి కోసం. మేము పోతున్నది రిసార్టుకి.

ఆ బొమ్మ వేయించలేదు. టీమువాళ్ళు వేరే డిజైన్ ఏదో ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నారు. ఇందులో నా గొప్పేమీ లేదని చెప్పాలి. నా జీతంలో రూపాయి తగ్గలేదు. అరవై టీషర్టుల గిరాకీ పోయింది మా తమ్ముడికి. నీతి నాది, నష్టం వాడిది. మన నియమాల ఖర్చు మనమే పెట్టుకుంటున్నామా, పక్కవాడితో పెట్టిస్తున్నామా అని ఈ మధ్య ప్రతిసారీ చూసుకుంటున్నాను.

వాడు నన్నేమీ అనలేదు. మొన్న దసరాకి పోతే ఆర్డర్లు రాసుకునే నోటుబుక్కులో పేరు, సైజులు, అడ్వాన్సు పక్కన కొత్తగా ఇంకో గడి కనబడింది. పని అయ్యాక ఫ్రేము ఉంచాలా, కడగాలా అని బొమ్మ తెచ్చినవాళ్ళని అడిగి అందులో రాస్తున్నాడు. ఇదెందుకురా అన్నాను.

"అడుగుతె ఏం పోయింది అన్నా" అన్నాడు.