ఒక్క గొంతులో ఎందరు?

రాత్రి తెల్లవార్లూ పాడి, తన సంగతి ఒక్క ముక్క కూడా చెప్పుకోని గాయకుణ్ని ఏమనాలి? త్యాగి అనాలా, నోరుండీ లేనివాడనాలా? సకిని రామచంద్రయ్య గురించి తలుచుకున్నప్పుడల్లా నాకీ ప్రశ్న ఎదురవుతుంది. ఆయనది మణుగూరు మండలం కూనవరం. శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం కాదు, ఇది సింగరేణి బొగ్గుగనుల వైపు ఊరు. ఆయన డోలీ కోయ. కోయల వంశకథలు పాడటం వాళ్లకు తరతరాల వృత్తి.

కోయల వంశాలకు మూడో గట్టు, నాలుగో గట్టు, అయిదో గట్టు అంటూ గట్ల లెక్క ఉంటుంది. ఎవరి గట్టు వేల్పులు వాళ్లకున్నారు, ఆ వేల్పులకు కథలున్నాయి. కొలుపు నాడు పడిగె విప్పుతారు. పూర్వీకులూ దేవతలూ బొమ్మలై నిలిచిన గుడ్డ అది. డోలు మోగుతుంది, కంచుతాళం ఖంగుమంటుంది, పాడేవాడు ఆ బొమ్మలను నిద్రలేపుతున్నట్టు ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తాడు. ఎవరు ఎవరికి పుట్టారు, ఎక్కణ్నుంచి ఎక్కడికి తరలిపోయారు, ఎవరితో తలపడి ఎక్కడ ఒరిగారు. సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజు, జంపన్న: మేడారం జాతరలో లక్షలమంది మొక్కే ఈ పేర్లు డోలీ నోట ముందు అయినవాళ్ల పేర్లు, ఆ తర్వాతే దేవుళ్ల పేర్లు. కరువు రోజుల్లో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయ సైన్యం మీదికి వస్తే ఎదురు నిలిచినవాళ్లు వాళ్లు. వినేవాడికి అది ఇంటి కథ. అందులో పాడేవాడి కష్టసుఖాలకు చోటు లేదు, ఉండాలని ఎవరూ అనుకోరు కూడా.

పసిఫిక్ సముద్రం నడుమ సమోవా దీవుల్లోనూ ఇలాంటి మనిషి ఉన్నాడు. తులాఫలే అంటారు. చేతిలో నిలువెత్తు కర్ర, భుజాన కొబ్బరి పీచుతో అల్లిన కుచ్చు. నలుగురిలో లేచి మాట్లాడేముందు ఆ ఊరి పెద్దల బిరుదులు వరస తప్పకుండా చెప్పాలి. నోరు అతనిది, మాట కుటుంబానిది. 1914 నుంచి 1962 దాకా పశ్చిమ సమోవాను న్యూజిలాండ్ ఏలింది. ఫ్యాక్టరీ కూలీలు కావలసి వచ్చినప్పుడు అక్కడి జనాన్ని ఆక్లండ్‌కూ వెల్లింగ్టన్‌కూ రానిచ్చింది. పనులు తగ్గిన 1970లలో వీసా గడువు దాటిందంటూ వాళ్ల ఇళ్లమీదికే తెల్లవారుజామున పోలీసుల్ని పంపింది. దానికి ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2021లో.

అలా వలస వచ్చిన సమోవా కుటుంబాల నుంచే బిల్ ఊరాలే వచ్చాడు. వేదిక మీద పేరు కింగ్ కపీసీ. 1999లో న్యూజిలాండ్ పాటల రచయితలకిచ్చే సిల్వర్ స్క్రోల్ పురస్కారం అందుకున్నాడు, హిప్ హాప్ కళాకారుడికి అది దక్కడం అదే మొదటిసారి. మరుసటి ఏడు 'సావేజ్ థాట్స్' పేరుతో తన తొలి సోలో ఆల్బమ్ తెచ్చాడు. 2004లో థా ఫీల్‌స్టైల్ అనే ఇంకొకాయన సమోవా భాషలో రాప్ చేసి ఆల్బమ్ విడుదల చేశాడు. రాప్‌కు ఊపిరి 'నేను'. నేనెవరిని, ఏ వీధివాణ్ని, నా ముందు ఎవడు నిలుస్తాడు? తులాఫలే తన పెదవి మీదికి రానివ్వని మాటతోనే ఈ కుర్రాళ్లు పాట మొదలుపెట్టారు.

అలాగని రాప్ పాడేవాడు ఒంటరి అనుకోవడానికీ లేదు. దరువు ఏదో పాత రికార్డు నుంచి తీసుకున్నది, మధ్యలో వచ్చే పేర్లు తన పేటవి, తనవాళ్లవి. బిరుదులు చదివినట్టే చదువుతాడు, కాకపోతే వరస తనే వేసుకుంటాడు.

ఈ 'నేను' మన గోదావరి గట్టున మాత్రం కొత్తదా? రామదాసుగా పేరుపడ్డ నేలకొండపల్లి కంచెర్ల గోపన్న, పాల్వంచ పరగణా తహసీల్దారు, పాడిందేమిటి? పన్ను సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి, గోల్కొండ చెరలో పడి, ఏ నగకు ఎంతయిందో దేవుడికే లెక్క అప్పజెప్పాడు. నిలదీశాడు, దెప్పాడు, మళ్లీ తనే కాళ్లు పట్టుకున్నాడు, కీర్తన చివర తన పేరు పెట్టుకున్నాడు. రాప్ పాడే కుర్రాళ్లు రామదాసును చదివితే మనవాడే అనుకుంటారని నా నమ్మకం. అయితే ఆ పరగణాలో పన్ను కట్టినవాళ్లెవరు? వాళ్లలో ఎందరు అడివి బిడ్డలు? ఆ పేర్లు కీర్తనల్లో వినిపించవు. స్థలపురాణంలో ఒక పోకల దమ్మక్క ఉంది, అదీ దేవుణ్ని కనిపెట్టి చూపించినందుకు. నదికి ఒక దరిన కప్పం కట్టలేమన్నవాళ్ల కథ, ఇంకో దరిన వసూలు చేసినవాడి వేదన. రెండూ పాటలే. మనకు కంఠతా వచ్చింది మాత్రం రెండోది.

అందుకని 'మేము' అనే పాట గొప్పది, 'నేను' అనేది అహంకారం అని తీర్పు చెప్పడానికి నాకు మనసొప్పదు. 'మేము'లో అందరూ సమానమేం కాదు. డోలీలకు భుక్తి కోయల గడపల మీదే. చావైనా కొలుపైనా పిలిస్తే వెళ్లాలి, పాడాలి, పెట్టింది పుచ్చుకోవాలి. వందల పేర్లు గుర్తుపెట్టుకున్నవాడి పేరు గుర్తుపెట్టుకునేదెవరు? మనిషిని ఒక గిన్నెగా మాత్రమే వాడుకునే సంప్రదాయం ఎంత అందమైనదైనా, ఆ గిన్నెకు ఏమనిపిస్తోందని ఎవరో ఒకరు అడగాలి కదా.

ఢిల్లీ అడిగిందనుకుందాం. 2022లో రామచంద్రయ్యకు పద్మశ్రీ ఇచ్చింది. పద్మాలు గట్టుకు ఇవ్వరు, మనిషికే ఇస్తారు. ఆ ఏడాది నుంచి పత్రికల్లో ఆయన పేరు, ఫొటో, కంచుతాళం. 2024 జూన్‌లో ఆయన పోయారు. అప్పటికే ఆ కథలు పూర్తిగా పాడగలిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఒక్కడే పాడటం వేరు, పాడేవాళ్లలో ఒక్కడే మిగలడం వేరు. కపీసీ తన ఇష్టం కొద్దీ ఒంటరిగా వేదిక ఎక్కాడు. రామచంద్రయ్యను కాలం ఒంటరిని చేసి ఎక్కించింది. పరిశోధకులు ఆయన చేత పాడించి రికార్డు చేసి పెట్టారు, అది మేలే. కానీ ఒక పేరు జారిపోతే "అదేంది, మా తాతను వదిలేస్తివే" అని అడ్డుపడే ముసలాయన రికార్డులో ఉండడు.

ఇప్పుడు భద్రాచలం దగ్గర సారపాక వంతెన మీదుగా పోయే ఆటోల్లో డీజే పాటలు మోగుతున్నాయి. ఫోన్లలో హైదరాబాద్ రాప్ వింటున్న కోయ పిల్లలున్నారు. వాళ్లలో ఒకడు రేపు తన భాషలో, తన పేరుతో పాడతాడనుకోండి. పోడు పట్టా గురించి పాడవచ్చు, ఓపెన్‌కాస్టు దుమ్ము గురించి పాడవచ్చు, పోలవరం కోసం 2014లో రాష్ట్రం మారిన ఊళ్ల గురించీ పాడవచ్చు. ఏమీ కాకపోతే మనసుపడ్డ పిల్ల గురించి పాడతాడు. అందులో పగిడిద్దరాజు ఉండకపోవచ్చు. సంస్కృతి చెడిపోయిందని అప్పుడు గొడవ చేసేది ముందుగా కోయలు కాదు, మనలాంటి బయటివాళ్లమే అని నా అనుమానం. అడివిలో మనకు పాత పాటే కావాలి. మన ఇళ్లలో పిల్లలు ఏం విన్నా ఫరవాలేదు.

నాకైతే ఆ కుర్రాడు ముందు తన కోపం తను పాడుకోవాలనే ఉంది. గట్టు కథ తర్వాత తనే వెతుక్కుంటాడేమో. వెతుక్కోకపోతే దిద్దాల్సింది వాళ్ల పెద్దలు, తిట్టాల్సిందీ వాళ్లే. ఆ తగవులో మనల్ని ఎవరూ పెద్దమనుషులుగా పిలవలేదు.