మరకనుబట్టి మందు

(ధ్యానమునకు: గలతీ. 6:1, 2 కొరింథీ. 2:6-8, యూదా 22, 23)



తప్పిపోయిన మనుష్యుని ఎంత గట్టిగా దిద్దవలెను? మెత్తగా చెప్పినయెడల లక్ష్యపెట్టడు. కఠినముగా చెప్పినయెడల విరిగిపోవును. సంఘపెద్దలకును, తలిదండ్రులకును ఈ ప్రశ్న నిత్యము ఎదురగుచునేయున్నది. దీనికి జవాబు కొంతవరకు మన వాకిట నిలిచియున్న చెక్కయే చెప్పగలదు.

మన అల్లవరము సముద్రమునకు దగ్గర. ఓడలరేవు వైపునుండి వచ్చు ఉప్పుగాలికిని, ఎండకును, వానకును మన వసారా స్తంభములు, గుడి తలుపులు కొన్ని యేండ్లలోనే బూడిదరంగునకు తిరుగును. అమెరికాలోనున్న మన కోనసీమ బిడ్డలకును ఇదే చిక్కు. అక్కడ అనేకులు ఇంటివెనుక ఆరుబయట చెక్కతో అరుగు కట్టుకొందురు. దానిని డెక్కు అందురు. దానికి వేయు రంగు పైన పొరగా నిలుచునది కాదు, చెక్కలోనికి ఇంకవలసినది. కాబట్టి ఏ రంగు వేయుదుమను ప్రశ్నకంటె ముందు, దేనితో కడుగుదుమను ప్రశ్న వచ్చును. అక్కడ పొరబడినవాని రంగు ఎంత ఖరీదైనదైనను నిలువదు.

మరకలన్నియు ఒక జాతివి కావు. బూడిదరంగు నిజముగా మురికి కాదు. చెక్కలోని పీచును పట్టియుంచు లిగ్నిన్ అను బంకవంటి పదార్థమును ఎండ విరుగగొట్టును, వాన కొట్టుకొనిపోవును. పట్టుతప్పిన పీచు పైన మిగులును. దానిమీద వేసిన రంగు దానితోనే రాలిపోవును. నల్లని చుక్కలు బూజు. మేకులచుట్టు కనబడు నీలినలుపు మరియొకటి. చెక్కలోని వగరునకు ఇనుము తగిలి పుట్టిన రంగది. పెడనలోను, శ్రీకాళహస్తిలోను కలంకారీ పనివారు కరక్కాయ పట్టించిన గుడ్డమీద ఇనుము, బెల్లము ఊరిన నీటితో నలుపు తెప్పించునది ఈ రీతినే. ఊడియు ఊడని పాత వార్నీషు నాలుగవది.

మందులును అట్లే వేరువేరు. పైదుమ్మునకు సబ్బునీరును బ్రష్షును చాలును. బ్లీచింగు పౌడరు బూజును చంపి త్వరగా చెక్కను తెల్లబరచును, చూచువారు మెచ్చుకొందురు. కాని పాత వార్నీషును అది తీయలేదు. ఘాటుగా పోసినయెడల మంచి పీచునుకూడ తినివేసి పైభాగమును దూదివలె లేపును. సోడియం పర్‌కార్బొనేట్ అను పొడి నీటిలో హైడ్రోజన్ పెరాక్సైడుగాను, బట్టల సోడాగాను విడిపోవును. అది కొంతసేపు తడిగా నిలిచి, నిదానముగా పనిచేసి, బూడిదను బూజును వదలించును. చెక్కకు హాని తక్కువ. పాత వార్నీషునకు కాస్టిక్ సోడావంటి గట్టిమందు కావలెను. అది చేతిని కాల్చును, చెక్కను నల్లబరచును. ఇనుపమరకకు ఆక్సాలిక్ ఆమ్లము కావలెను, అదియు విషమే. చేతితొడుగులు, కంటి అద్దములు ఇయ్యక కూలివానిచేత ఈ పనులు చేయించుట తెల్లని చెక్కకొరకు మనిషిని పాడుచేయుటయే.

ఇన్నిటిలో ఎంపికకు సూత్రము ఒక్కటే. రంగు పట్టకుండ అడ్డుపడుదానిని తీయవలెను. రంగు పట్టవలసిన చెక్కను కాపాడవలెను. కడుగుట రంగుకొరకేగాని కడుగుటకొరకు కాదు.

ప్రియులారా, మనుష్యుల విషయములో ఈ సూత్రమును మరచుచున్నాము. గలతీయులకు వ్రాసిన పత్రికలో పౌలు, తప్పితములో చిక్కుకొనినవానిని సాత్వికముతో మంచిదారికి తేవలెనని హెచ్చరించును. అక్కడ గ్రీకు మూలమున వాడబడిన క్రియయే మత్తయి 4:21లో జాలరులు తమ వలలను బాగుచేసికొనుటనుగూర్చియు వాడబడినది. తీరమున నివసించు మనకు దీని భావము విప్పి చెప్పనక్కరలేదు. చినిగిన వలను ఎవడును కొట్టడు. ఏ కన్ను తెగెనో వెదకి, అక్కడనే దారము వేయును. మరల చేపలు పట్టవలెనని దాని ఉద్దేశము.

యూదా తన చిన్న పత్రికలో, కొందరియెడల కనికరము చూపుడనియు, కొందరిని అగ్నిలోనుండి లాగినట్లు రక్షించుడనియు వేరుపరచి చెప్పెను. దుఃఖముచేతను బీదరికముచేతను గుడికి రానివానిది ఎండకు మాడిన చెక్కవంటి స్థితి. వానిని గద్దించుట క్రూరత్వము. త్రాగుడుకు బానిసయైనవానికి ఓపికగల సహవాసమును వైద్యమును కావలెను. ఒక్క ఆదివారపు గద్దింపు వానిని పైకి తెల్లబరచునేమో, లోపలి బూజు మిగులును. సంఘపు సొమ్మును సొంతమునకు వాడుకొనినవానికి సబ్బునీరు చాలదు. లెక్క చెప్పించవలెను, సొమ్ము తిరిగి కట్టించవలెను. అక్కడ మెత్తదనము ప్రేమ కాదు, భయము.

ఇక్కడనే మన అన్యాయము బయలుపడుచున్నది. పొలముగలవాడు తప్పుచేసినప్పుడు కుంకుడురసము, కూలివాడు తప్పుచేసినప్పుడు కాస్టిక్ సోడా! కుమారునికి మందలింపు, కుమార్తెకు వెలి! మనము మరకను చూచి మందు ఎంచుటలేదు, మనిషిని చూచి ఎంచుచున్నాము. నాతాను దావీదుతో మొదట ఉపమానముగా మాటలాడెను. కాని రాజు గదాయని చివరిమాట దాచలేదు. విధము మెత్తనిది, సత్యము పూర్ణమైనది.

మరియొక సంగతి. కాస్టిక్ సోడాతో కడిగిన చెక్కను అట్లే వదలరాదు. నీటితో బాగుగా కడిగి, పలుచని ఆమ్లముతో దాని ఘాటును విరిచి, మరల కడిగి ఆరనియ్యవలెను. లేనియెడల లోపల మిగిలిన క్షారము క్రొత్త రంగును చెరుపును. కొరింథు సంఘములో ఒకనికి శిక్ష పడినప్పుడు, ఇక చాలును, క్షమించి ఆదరించుడి, లేనియెడల అధిక దుఃఖములో మునిగిపోవునని పౌలు వ్రాసెను. మన సంఘములలో శిక్ష వేయుట ఎరుగుదుము; దానిని విరుచుట ఎరుగము. ప్రభురాత్రి భోజనమునుండి ఒకని ఆపిన దినము అందరికిని జ్ఞాపకమే. వానిని మరల బల్లయొద్దకు పిలుచు దినము ఎవరైన నిర్ణయించిరా? వాని యింటికి ఎవరైన వెళ్లిరా?

చెక్క చరిత్రయు తెలియవలెను. 2003 అంతమువరకు అమెరికాలో ఇండ్లకు వాడిన డెక్కు చెక్కలో చాలవరకు, చెద పట్టకుండ ఆర్సెనిక్ కలిసిన మందు ఎక్కించియుండిరి. అట్టి చెక్కను గీకుటయు, ఘాటైన మందుతో కడుగుటయు ప్రమాదమే. ఒక మనిషిలో ఏ పాత గాయమున్నదో తెలియక గీకువాడును ఇట్లే విషము లేపును. బ్లీచింగును ఆమ్లమును ఎన్నడును కలుపరాదు. కలిపినయెడల క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరి తీయును. ఇంటిలో తండ్రియు, వీధిలో పెద్దలును ఒకేసారి ఒక బిడ్డమీద పడుట అట్టిదే. కడిగిన నీరు ఏ మొక్కలమీదికి, ఏ చేపల చెరువులోనికి పోవునో చూడవలెను. ఒకని నలుగురిలో అవమానించిన మాట వాని భార్యాబిడ్డలమీదికే పారును.

కాబట్టి పెద్దలారా, తలిదండ్రులారా, మందు చేతబట్టుకొనకమునుపు మూడు ప్రశ్నలు వేసికొనుడి. ఈ మరక యేది? దీనిని తీయగల మిక్కిలి మెత్తని మందు ఏది? కడిగినపిమ్మట ఈ మనిషి ప్రేమను పట్టగలడా? మంచి పనివాడు మందును మొదట ఒక మూల పూసి, ఆరనిచ్చి, చూచి, తరువాతనే ముందుకు సాగును. చెక్కకు చూపు ఆ మాత్రపు ఓపిక మన సహోదరునికి చూపలేమా?