గడ్డివాములోని ఆయుధము



తుపాకులను కట్టడి చేసినయెడల హత్యలు తగ్గునా అని అనేక దేశములలో వాదము జరుగుచున్నది. కయీనుకు తుపాకి లేదు గదా అని కొందరందురు. నిజమే, అయినను చేతికందిన ఆయుధము క్షణకోపమును మరణముగా మార్చును. కనుక చట్టము మేలైనదే. లైసెన్సు లేక తుపాకి ఉంచుకొనుట 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము నేరము.

అయితే మన కర్నూలు, కడప సీమలో పగకు తుపాకియే అక్కరలేదు. వేటకొడవలి, నాటుబాంబు చాలును. 1998లో కడప జిల్లాలో వై.యస్. రాజారెడ్డిగారిని బాంబులతోనే చంపిరి. ప్రేలుడు పదార్థములు దాచువారిని శిక్షించుటకు 1908 నాటి చట్టమున్నది. గాని గడ్డివాములోని గంప చట్టము కంటికి కనబడునా?

ఆ వాము ఎవరిది? ఒక్కొక్కప్పుడు విశ్వాసిదే. “మేమెవరిని కొట్టలేదు, పెద్దాయన ఉంచుమనగా ఉంచితిమి” అందురు. స్తెఫనును చంపినవారి వస్త్రములకు కావలియున్న సౌలును రాయి విసరలేదు. అయినను ఆ చావునకు సమ్మతించితినని తరువాత ఒప్పుకొనెను (అపొ. కార్య. 22:20).

కాదనినయెడల కూలి పోవునని భయము. మేమును దాని నెరుగుదుము. ఒంటరి యిల్లు కాదనుట కష్టము. సంఘమంతయు ఏకముగా కాదనినయెడల అందరి కూలిని ఆపగలరా? వేరుసెనగ పీకుటకు చేతులు కావలెను గదా! కాబట్టి మా యిండ్లలో ఆయుధము దాచమని ఈ నెల ప్రభువు బల్లయొద్ద అందరము కలిసి చెప్పుదము.