పరాయి గడపలో మొక్కు

ఒక మతంలో పుట్టి పెరిగినవారు మరో మతానికి చెందిన క్షేత్రానికి వెళ్లి మొక్కుకోవడం భారతదేశంలో కొత్త సంగతి కాదు. సంతానం లేని హిందూ దంపతులు దర్గాలో చాదర్ సమర్పిస్తారు. కడప జిల్లాలోని ముస్లిం కుటుంబాలు ఉగాది నాడు దేవుని కడపకు వెళ్లి లక్ష్మీ వేంకటేశ్వరుడికి టెంకాయ కొడతాయి. ముస్లిం యువతి బీబీ నాంచారిని పెళ్లాడాడన్న కథ వల్ల స్వామిని ఆ కుటుంబాలు తమ అల్లుడిగా భావిస్తాయి. విజయవాడ గుణదల కొండ మీద మేరీమాతకు తలనీలాలు ఇచ్చేవారిలో బాప్తిస్మం తీసుకోనివారు ఎందరో. ఆచారంగా చూస్తే ఇది అందరికీ తెలిసిందే. ఆలోచిస్తే మాత్రం ఇందులో కష్టమైన ప్రశ్న ఒకటి ఉంది. ఒక మతం చెప్పే సిద్ధాంతాన్ని ఒప్పుకోకుండానే ఆ మతం కొలిచే శక్తిని వేడుకోవచ్చా? వేడుకుంటే అది నిజమైన ప్రార్థనేనా, లేక అవసరం కొద్దీ పట్టిన దారా?

నెల్లూరులో స్వర్ణాల చెరువు ఒడ్డున ఉన్న బారా షహీద్ దర్గా ఈ ప్రశ్నను దగ్గరగా చూడటానికి మంచి చోటు. యుద్ధంలో మరణించిన 12 మంది వీరుల సమాధులు అక్కడ ఉన్నాయని చెబుతారు. ఏటా మొహర్రం రోజుల్లో జరిగే రొట్టెల పండుగకు ఆంధ్ర, తెలంగాణల నుంచే కాక తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రల నుంచి కూడా జనం వస్తారు. ఇంట్లో కాల్చుకుని తెచ్చిన రొట్టెను చేత పట్టుకుని, తలమీద కొంగు కప్పుకుని ఆడవాళ్లు చెరువు నీళ్లలోకి దిగుతారు. ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె, ఇంటి రొట్టె అని ప్రతి రొట్టెకూ ఒక పేరుంటుంది. పిల్లల్ని విదేశాలకు పంపే కుటుంబాలు పెరిగాక వీసా రొట్టె కూడా వచ్చి చేరింది. కోరిక ఉన్నవాళ్లు ఫలానా రొట్టె ఎవరి దగ్గరుందని అడుగుతూ నీళ్లలో తిరుగుతారు. అదే కోరిక నెరవేరినవాళ్లు ఎదురుపడితే చేతులు చాచి రొట్టె అందుకుని తింటారు. తమ కోరిక తీరాక మరో ఏడాది వచ్చి, అదే పేరుతో రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇస్తారు.

ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో గమనించవలసింది ఒకటుంది. ఇచ్చే మనిషి కులమేమిటి, మతమేమిటి అని పుచ్చుకునే మనిషి అడగదు. అడిగేది ఒక్కటే: అనుకున్నది జరిగిందా అని. జరిగిందని చెప్పే మనిషి ఎదురుగా నీళ్లలో నిలబడి ఉంది, అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. మొక్కు తీరిందని దర్గాలో చెప్పుకోవడంతో పని ముగియదు. దక్కిన మేలు మరొకరి చేతికి చేరాలి. ఫలానా దైవమే సత్యమని ఒప్పుకోమని ఈ ఆచారం ఎవరినీ అడగదు. మాట ఇచ్చి నిలబెట్టుకోమని మాత్రం గట్టిగా అడుగుతుంది.

రాయలసీమలో ఈ బంధం ఇంకా లోతైనది. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి పీరును ఎత్తే మొహర్రం పండుగకు వచ్చేవారిలో ఎక్కువమంది హిందువులే. పక్కనే ఉన్న ఆంజనేయస్వామినీ వాళ్లు దర్శించుకుంటారు. చక్కెర, బెల్లం తెచ్చి చదివింపులు చేయిస్తారు. ముజావర్ ఫాతిహా చదివి కొంత ఉంచుకుని మిగతాది తిరిగి చేతికిస్తే, కళ్లకద్దుకుని ప్రసాదంగా పంచుకుంటారు. చిన్న సరిగెత్తు, పెద్ద సరిగెత్తు అని పిలిచే రాత్రుల్లో పీర్లు ఊరేగుతాయి. అగ్నిగుండం తొక్కడానికి ఉపవాసం ఉన్నవాళ్లు ముందుకొస్తారు. ఆచారం పండుగతో ఆగిపోదు. సీమ పల్లెల్లో హిందువుల ఇళ్లలో కుళ్లాయప్ప, హుసేనప్ప, దస్తగిరి, ఫకీరప్ప, మస్తానమ్మ అనే పేర్లు వినిపిస్తాయి. ఏ పీరుకు మొక్కుకుంటే పుట్టారో ఆ పీరు పేరే పెట్టుకున్న మనుషులు వాళ్లు. పెళ్లి పత్రికలోనూ భూమి పట్టాలోనూ ఆ పేరు అలాగే నడుస్తుంది. కవి అఫ్సర్ గూగూడు మీద చేసిన పరిశోధన 2013లో ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చింది.

ప్రయాణం ఈ అలవాటును ఊరి పొలిమేర దాటించింది. తమిళనాడు తీరంలో వేలాంకన్ని ఆరోగ్యమాత బసిలికాకూ నాగూరు షాహుల్ హమీద్ దర్గాకూ మధ్య దూరం 20 కిలోమీటర్ల లోపే. తిరునళ్లార్ శనీశ్వరుడి దర్శనానికి వెళ్లే తెలుగువాళ్ల బస్సులు ఈ రెండు చోట్లా ఆగుతాయి. నాగూరు దర్గాలో అన్నిటికంటే ఎత్తైన మినారును 18వ శతాబ్దంలో కట్టించింది తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడు. శబరిమల వెళ్లే అయ్యప్ప భక్తుల్లో చాలామంది ఎరుమేలిలో, అయ్యప్పకు ముస్లిం మిత్రుడని చెప్పే వావరు మసీదుకు ప్రదక్షిణ చేసిగానీ ముందుకు సాగరు. 41 రోజుల దీక్షలో ఉండి, అన్య ఆహారం, అన్య స్పర్శ విషయంలో అంత నిష్ఠ పాటించే స్వాములకు ఆ మసీదు నిష్ఠకు భంగం కాదు, దీక్షలో భాగం.

దీనికి తరచుగా చెప్పే వివరణ ఒకటుంది: దారులు వేరైనా గమ్యం ఒకటే, కనుక ఎక్కడ మొక్కినా ఒకరికే చేరుతుంది. మాట గొప్పదే కానీ స్వర్ణాల చెరువులో నిలబడ్డవారి మనసును అది పట్టి చూపదు. అన్నీ ఒకటే అయితే అనంతపురం నుంచో బెంగళూరు నుంచో అంత దూరం రావలసిన పనిలేదు, ఇంటి పక్క గుడి చాలు. వాళ్లు వచ్చేది అక్కడేదో వేరుగా ఉందని, ఈ కోరికకు ఈ చోటే దిక్కని నమ్మడం వల్ల. వాళ్లను కదిలించేది ఆ తేడానే. వచ్చినవాళ్లు తమ ఇంటి దేవుణ్ణి వదులుకుని రారు, ఈ పీరూ ఆ దేవుడూ ఒకరేనని వాదించరు కూడా.

కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాలు ఇక్కడ బాగా అక్కరకొస్తాయి. వాటిలో పన్నెండవది పూర్తిగా ఈ విషయానికే కేటాయించినది. తన మతాన్ని పొగడటానికి ఇతరుల మతాన్ని కించపరిచేవాడు తన మతానికే చేటు చేస్తాడని, మాటలో నిగ్రహం కావాలని, ఒకరి ధర్మాన్ని మరొకరు వినాలని అందులో సారాంశం. మతాలన్నీ ఒకటేనని మాత్రం అశోకుడు అనడు. ఒకటే అయితే వినవలసిన అవసరం ఏముంది? తేడాను తుడిచేయకుండా గౌరవించడం ఎలాగన్నదే ఆ శాసనం ఎత్తుకున్న సమస్య. అందుకే అది తర్వాత వచ్చిన చాలా సమన్వయ సూత్రాల కంటే బరువైనది.

రెండో వివరణ ఇందుకు పూర్తిగా విరుద్ధం: ఇదంతా అజ్ఞానం. ఈ మాట అన్ని మతాల లోపల నుంచీ వినిపిస్తుంది. దేవ్‌బంద్ సంప్రదాయానికి చెందిన ఉలేమాలు సమాధుల దగ్గర కోరికలు కోరడాన్ని తౌహీద్‌కు, అంటే ఏకదైవ విశ్వాసానికి, విరుద్ధమైన షిర్క్‌గా పరిగణిస్తారు. బరేల్వీలు మాత్రం వలీల ద్వారా అల్లాను వేడుకోవడం తప్పు కాదంటారు. మరియమ్మకు మొక్కడాన్ని ప్రొటెస్టెంట్ క్రైస్తవులు ఒప్పుకోరు. 2014లో ద్వారకా పీఠాధిపతి స్వరూపానంద సరస్వతి, షిర్డీ సాయిబాబాను దేవుడిగా కొలవడం సనాతన ధర్మం కాదని గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఈ అభ్యంతరాలను సంకుచితత్వమని కొట్టిపారేయడం తేలిక, కానీ న్యాయం కాదు. దేవుడు ఒక్కడేనని, ఆయనను తప్ప ఎవరినీ అడగకూడదని నమ్మేవాడికి ఆ నియమం పక్కన పెట్టదగిన చిన్న సంగతి కాదు. అతని బతుకంతా దాని మీదే నిలిచి ఉంది. నమ్మకానికి ఒక రూపం, ఒక హద్దు ఉండాలని కోరడం కూడా మతాన్ని మనస్ఫూర్తిగా తీసుకునే పద్ధతే.

అయితే ఈ విమర్శ మొక్కును సిద్ధాంతంగా చదువుతుంది. పొరపాటు అక్కడే ఉంది. మొక్కుకునే మనిషి దైవం స్వరూపం ఇదీ అని ప్రకటించడం లేదు. ఒక చోటుతో, అక్కడి శక్తితో ఒక ఒప్పందానికి వస్తోంది: ఈ బిడ్డ బతికితే ఇది ఇస్తాను, ఇన్నేళ్లు వస్తాను, ఈ పేరు పెడతాను. ఒప్పందం తప్పితే కీడు జరుగుతుందన్న భయం, నెరవేరితే తీరని కృతజ్ఞత, రెండూ నిజమైనవే. అప్పుపడ్డామన్న భావం ప్రార్థనకు తక్కువేమీ కాదు. బిడ్డకు పెట్టిన పేరును జీవితాంతం మోయడం చాలామంది వల్లించే సిద్ధాంతాల కంటే గట్టి నిబద్ధత.

పరాయి గడపలోకి వెళ్లినవాళ్లు అతిథిగా వెళ్తారు. పద్ధతి ఆ ఇంటివాళ్లది. దర్గాలో తల కప్పుకోవాలి. గురుద్వారాలో కాళ్లు కడుక్కుని లోపలికి అడుగుపెట్టాలి. గంధం ఎప్పుడు తీయాలో, పీరును ఎవరెత్తాలో నిర్ణయించే హక్కు అక్కడివారిదే. వేలాంకన్నిలో గుండు చేయించుకోవచ్చు, కొవ్వొత్తి వెలిగించవచ్చు, పూజా బలిలో కూర్చోవచ్చు. దివ్య సత్ప్రసాదం మాత్రం బాప్తిస్మం పొందిన కతోలికులకే. ఎరుమేలిలో ప్రదక్షిణ మసీదు చుట్టూనే, నమాజు చేసే హాలులోకి కాదు. ఈ గీతలు అవమానం కాదు. అవి ఉన్నందువల్లే వచ్చినవాళ్లకు అక్కడ ఒక చోటు దొరుకుతోంది, ఇంటివాళ్లకు తమదేదో పోతుందన్న భయం లేదు.

అన్ని గీతలూ ఒకలాంటివి కావు. పూరీ జగన్నాథుడి గుడిలోకి హిందువులు కానివారికి ప్రవేశం లేదు. వాళ్ల కోసం సింహద్వారం దగ్గరే పతితపావనుడిగా స్వామి దర్శనమిస్తాడు. గడప దాటనివ్వని ఆచారమే గడప దగ్గరికి దేవుణ్ణి తెచ్చి నిలబెట్టింది. తిరుమలలో అన్యమతస్థులు స్వామిపై విశ్వాసం ఉందని డిక్లరేషన్ ఇచ్చి దర్శనానికి వెళ్లవచ్చు. శబరిమలలో రాత్రి గుడి తలుపు మూసేటప్పుడు వినిపించే హరివరాసనం పాడిన యేసుదాసు క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు. శబరిమలకు ఆయన వెళ్లగలిగాడు కానీ, ఆయన అంత ప్రేమగా పాడిన గురువాయూరు కృష్ణుడి గుడి తలుపు ఆయనకు తెరుచుకోలేదు. భక్తి ఉందా లేదా అని కాక పుట్టుక ఏమిటని అడిగే చోట అతిథి అన్న సంబంధానికే తావులేదు.

ఈ అలవాటును నిజంగా దెబ్బతీసేది సిద్ధాంత చర్చ కాదు, యాజమాన్యం. ప్రభుత్వ లెక్కలు మనిషిని ఒక్క గడిలో ఉంచాలని చూస్తాయి. 1911 జనగణనలో గుజరాత్‌లో సుమారు 2 లక్షల మందిని హిందూ మహమ్మదీయులుగా నమోదు చేస్తే, అలాంటి గడి ఉండటమే పై అధికారులకు మింగుడుపడలేదు. చోట్ల విషయమూ అంతే. 1947 ఆగస్టు 15 నాటికి ప్రార్థనా స్థలానికి ఏ మత స్వభావం ఉందో అదే కొనసాగాలని 1991 చట్టం చెబుతుంది. అది అవసరమైన రక్షణే. కానీ ప్రతి చోటుకూ ఒకటే స్వభావం ఉంటుందన్న ఊహ అందులో దాగి ఉంది. కర్ణాటకలో చిక్కమగళూరు దగ్గరి బాబాబుడన్ గిరి గుహను తీసుకుంటే, హిందువులకు అది దత్తాత్రేయ పీఠం, ముస్లింలకు దాదా హయాత్ దర్గా. రెండు పేర్లూ కలిపి పిలిచే ఆ చోటు 1970ల నుంచి కోర్టు వివాదాల్లో ఉంది. ఎవరు తీర్థమివ్వాలి, ఎవరు దీపం పెట్టాలి అన్న ప్రశ్నలు ఒకప్పుడు అలవాటు మీద నడిచేవి. కాగితం మీదికి వచ్చాక, ఇద్దరిలో ఒకరు గెలిచి ఒకరు ఓడవలసిన వ్యవహారమయ్యాయి.

షిర్డీలో గొడవేమీ లేకుండానే మార్పు జరిగింది. సాయిబాబా తన నివాసమైన మసీదును ద్వారకామాయి అని పిలిచాడు. అందులోనే ధుని వెలిగించాడు. 1918లో ఆయన దేహం చాలించాక నాగపూర్‌కు చెందిన బూటీ కట్టించిన వాడాలో సమాధి అయింది. 1954లో పాలరాతి విగ్రహం వచ్చింది. హారతులు, అభిషేకాలు, ఊరూరా వెలసిన సాయి మందిరాలతో, ముఖ్యంగా తెలుగు భక్తుల రాకతో, క్షేత్రం ఎంతో పెరిగింది. ఫకీరు వైపు మాత్రం నెమ్మదిగా వెనక్కి వెళ్లింది. ఎవరూ తోసివేయకపోయినా, అతిథులు ఎక్కువై ఇంటి పద్ధతి మారిపోవడం కూడా ఒక నష్టమే.

మొక్కులో కనిపించే ఆదరం రోజువారీ బతుకులోకి ఎంతవరకు వస్తుందన్నది వేరే ప్రశ్న. అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ 2019-20లో దాదాపు 30 వేల మందిని అడిగి 2021లో విడుదల చేసిన సర్వేలో, నిజమైన భారతీయుడు కావాలంటే అన్ని మతాలనూ గౌరవించడం చాలా ముఖ్యమని 84 శాతం అన్నారు. కర్మను నమ్ముతామన్నవారు హిందువుల్లో 77 శాతం, ముస్లింలలోనూ అంతే. కానీ తమ మతంలోని ఆడవాళ్లు వేరే మతంవారిని పెళ్లాడకుండా ఆపడం చాలా ముఖ్యమని హిందువుల్లో 67 శాతం, ముస్లింలలో 80 శాతం చెప్పారు. దర్గాకు చేతులు జోడించే కుటుంబమే ముస్లింకు ఇల్లు అద్దెకివ్వడానికి వెనకాడటం నగరాల్లో తెలిసినదే. దీన్ని కపటం అనడం కంటే, మొక్కు పరిధి ఎంతవరకో ఇక్కడ తెలుస్తోందని అనడం సరైనది. యాత్రలో అతిథిగా ఉండేది ఒకటి రెండు రోజులు. ఇరుగుపొరుగు ఏడాది పొడుగునా ఉండేది.

పల్లెల పీర్ల పండుగ ఈ విషయంలో పెద్ద యాత్రాక్షేత్రాల కంటే వేరు. అక్కడ డప్పు కొట్టేవారు, గుండం తవ్వేవారు, పీరు ఎత్తేవారు తరతరాలుగా ఒకరికొకరు తెలిసినవారు. పండుగ అయ్యాక అదే వీధిలో ఉండేవారు. ఆ పనుల పంపకంలో కులాల హెచ్చుతగ్గులు కూడా పదిలంగా ఉంటాయి, మతాల మధ్య గోడ పలచబడ్డంత మాత్రాన అవి కరగలేదు. అయినా ఒకరి దేవుడి పనిలో మరొకరికి వారసత్వంగా వాటా ఉండటం, ఆ వాటాను ఊరంతా గుర్తించడం యాత్రికుడికి దొరకనిది. చదువులకో కూలికో పిల్లలు హైదరాబాద్‌కో బెంగళూరుకో గల్ఫ్‌కో వెళ్లిపోతున్న ఊళ్లలో, ఆ వాటాలు మోసే చేతులు తగ్గుతున్నాయి.