పిల్లికూనకు దిక్కెవరు?

నెల్లూరికి తూర్పుగా సుమారు 25 కిలోమీటర్ల దూరమున, ఇందుకూరుపేట మండలములో, సముద్రపుటొడ్డున మైపాడు కలదు. పర్వదినములందు సముద్రస్నానమునకై, తక్కిన దినములందు చల్లగాలికై జనులు అచ్చటికి పోవుచుందురు. పడవలు ఒడ్డు చేరగానే వలలు దులుపుదురు. అమ్మకమునకు పనికిరాని చిన్నచేపలు ఇసుకపై పడును. కాకులు, కుక్కలు వానికై కాచుకొని యుండును. పెంచిన కుక్కను గాని పిల్లిని గాని వదిలించుకొనదలచినవానికి ఇట్టి రేవు మిక్కిలి అనువైన చోటుగా తోచును. "అచ్చట తిండికి కొదవ లేదు, ఎట్లో బ్రతుకును" అని అతడు మనస్సును సమాధానపరచుకొనును. అద్దె యిల్లు మారుట, ఉద్యోగములో బదిలీ, ఇంట పసిబిడ్డ పుట్టుట, జంతువు ముసలిదగుట, మందుల ఖర్చు—కారణములు పెక్కులు. వీనిలో కొన్ని నిజమైన ఇబ్బందులే. ఇబ్బంది కలుగుట దోషము కాదు. తన యిబ్బంది తీరుటకై నోరులేని ప్రాణిని దారి తెలియని చోట దింపి, వెనుదిరిగి పోవుటకు ధర్మములో చోటున్నదా అనునదే విచారింపదగిన ప్రశ్న.

ముందుగా ఆ సమాధానము ఎంతవరకు నిజమో చూడవలెను. ప్రతి రేవునందును, ప్రతి వీధియందును అచ్చటి కుక్కల గుంపు ముందే యుండును. వాని హద్దులు వానికి తెలియును. క్రొత్తగా వచ్చినదానిని అవి కరచి తరుమును. గిన్నెలో కలిపి పెట్టిన పెరుగన్నము తిని పెరిగిన కుక్కకు చెత్తలో వెదకుట తెలియదు, పోరాడుట తెలియదు, బండ్లకు తొలగుట తెలియదు. పెక్కుమార్లు అది తన్ను దింపిన చోటనే తిరుగుచు, వచ్చిన ప్రతి బండిని ఆశతో చూచుచుండును. ఒకవేళ బ్రతికి గుంపున కలసినను కథ అంతటితో ముగియదు. చలికాలమునుండి వేసవి వరకు నెల్లూరు తీరమునకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రివేళ వచ్చి, ఇసుకలో గోయి త్రవ్వి, ఒక్కొక్కటి నూరు వరకు గ్రుడ్లు పెట్టును. ఆకలిగొన్న కుక్కలు వానిని త్రవ్వి తినును. కూర్మావతారమునకు మ్రొక్కు చేతులే ఒక ప్రాణిని విడిచి, వేరు ప్రాణులకు చేటు తెచ్చుచున్నవన్నమాట. తప్పు కుక్కది కాదు.

శ్రీవైష్ణవ గృహములందు మర్కటకిశోర, మార్జాలకిశోర న్యాయములు ఎరుగనివారు అరుదు. కోతిపిల్ల తల్లి పొట్టను తానే పట్టుకొనును. పిల్లికూన యేమియు చేయదు. తల్లియే దానిని నోట కరచుకొని చోటు మార్చును. జీవుడు భగవంతుని ఆశ్రయించు రీతిని గూర్చి వడగలై, తెంగలై సంప్రదాయముల భేదమును ఈ రెండు ఉపమానములతో చెప్పుదురు. ఆ తారతమ్యచర్చ ఇచ్చట అవసరము లేదు. పెద్దలు శరణాగతిని బోధించుటకు ఇంటి మూలనున్న పిల్లికూనను చూపిరనునదే గమనింపదగినది.

ప్రపన్నునకు ఆకించన్యము, అనన్యగతిత్వము అను రెండు లక్షణములు చెప్పుదురు. తనచేత ఉపాయమేదియు లేకుండుట మొదటిది; వేరొక దిక్కు లేకుండుట రెండవది. మనుష్యునకు ఈ స్థితి మాటలలో సులభము, మనస్సులో దుర్లభము. ఇంట పెరిగిన జంతువునకో, ఇది పెంపకమే కలిగించిన స్థితి. అడవినక్క ఎవరి గుమ్మమును ఆశ్రయింపదు. కుక్కజాతిని వేలయేండ్లుగా మనుష్యుడే తన వాకిట నిలిపి, అడవిని మరపించి, తన చేతి ముద్దకు అలవాటు చేసెను. దానిని అకించనముగా చేసినవాడు అతడే, దానికి గతియైనవాడు అతడే. అట్టిదానిని విడుచుటకు 'స్వేచ్ఛనిచ్చుట' అను పేరు చెల్లదు.

"దేవుడే చూచుకొనును" అను మాటను మరింత మెలకువతో పరిశీలింపవలెను. కొందరు గుడి వాకిటనో, కోనేటి మెట్లపైననో పిల్లికూనలను వదలి, భగవంతుని సన్నిధిలోనే ఉంచితిమి గదా యని తృప్తిపడుదురు. శరణాగతియందు జీవుడు తన భారమును, తన్నును భగవంతునికి సమర్పించును. అది భరన్యాసము. వేరొక ప్రాణికై తాను మోయవలసిన భారమును ఆయన గుమ్మమున దించి పోవుట అది కాదు. సింహాద్రి అప్పన్నకు కోడెదూడను సమర్పించుట పూర్వమునుండి వచ్చిన మ్రొక్కు. దూడతోపాటు దాని మేతను గూర్చిన చింతయు ఉన్నప్పుడే అది సమర్పణ; మేపలేక తోలిన పశువునకు మ్రొక్కుబడి అను పేరు పెట్టినంతమాత్రమున అది మ్రొక్కుబడి కానేరదు.

ఈ విషయమున నెల్లూరిసీమకు ఒక విశేషసంబంధము కలదు. 13వ శతాబ్దిలో మనుమసిద్ధికి మంత్రియైన తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలుకొని 15 పర్వములను తెనిగించెను. అందు మహాప్రస్థానికపర్వము ఒకటి. ద్రౌపదియు, నలుగురు తమ్ములును త్రోవలో పడిపోగా ధర్మరాజుతో మిగిలినది హస్తినాపురమునుండి వెంబడించిన కుక్క యొక్కటే. ఇంద్రుడు రథము తెచ్చి, కుక్కకు స్వర్గమున చోటు లేదనెను. భార్యను, తమ్ములను విడిచివచ్చినవానికి కుక్కపై ఇంత పట్టుదల యేల యని కూడ అడిగెను. ధర్మరాజు బదులు సూక్ష్మమైనది. వారు మరణించిన పిదప ఆయన ముందుకు నడచెనే కాని, బ్రతికియుండగా విడువలేదు. ఇది బ్రతికియున్నది, నమ్మి వచ్చినది. నమ్మినదానిని విడుచుట, శరణన్నవానిని అప్పగించుట, మిత్రద్రోహము మున్నగు మహాపాతకములతో సమానమని ఆయన నిశ్చయము. ఆ కుక్క యమధర్మరాజని పిమ్మట తెలిసినది. పురాణశ్రవణమున ఈ ఘట్టము వినువారికి ఆ సంగతి ముందే తెలియును గనుక సులభముగా తల యూపుదురు. ధర్మరాజునకు తెలియదు. ఆయన యెదుట నున్నవి ఒక వీధికుక్క, ఒక దివ్యరథము. అది ఆయన పెంచినది కూడ కాదు. వెంట నడచినది, అంతే.

ఆపద వేరు. 2021 నవంబరులో పెన్న పొంగి పల్లపు ప్రాంతములు మునిగినట్టి వేళలలో మనుష్యులు ప్రాణములతో బయటపడుటయే కష్టము. అప్పుడు కట్టుత్రాడు విప్పి వదలుటయే దయ. నీరు తీసిన పిదప తిరిగివచ్చి వెదకినవానిని ఎవ్వరును తప్పుపట్టజాలరు.

ప్రభుత్వ శాసనము సైతము దీనిని ఊరక విడువలేదు. తగిన కారణము లేక జంతువును ఆకలిదప్పులకు లోనగునట్లు విడుచుట 1960నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. మొదటి తప్పునకు అందు వ్రాసిన జరిమానా 10 రూపాయలు మొదలు 50 రూపాయల వరకు. నెల్లూరినుండి మైపాడునకు జంతువును తెచ్చి దింపుటకగు బండిఖర్చు అంతకంటె ఎక్కువ!

ఇక క్రొత్త యిల్లు దొరకు మాట. మద్రాసున 1959లో మొదలైన బ్లూక్రాస్, హైదరాబాదున 1992లో ఏర్పడిన బ్లూక్రాస్ వంటి సంస్థలు దిక్కులేని జంతువులకు చికిత్స చేసి, పెంచుకొనువారికి అప్పగించుచున్నవి. అయితే ఇట్టి ఆశ్రయములందు చోటు ఎప్పుడును చాలదు. వచ్చినవారి చూపు మొదట కూనలమీద పడును. రెండు మూడు నెలల కూన త్వరగా పోవును. ఏండ్లు పైబడినది, కుంటిది, నాటు ఆడకుక్క వెనుక మిగులును. కనుక వదలిన తరువాత ఎవరో చేరదీయుదురను ఆశకంటె, వదలకముందు యజమాని తానే వెదకుట మేలు. ఎంత వెదకినను ఎవ్వరును రాని ముసలిదానికి పాత గడప యొక్కటే గడప. ఆ కొద్ది యేండ్లు ఇబ్బంది పడవలసినదే.

బంధువులను, ఇరుగుపొరుగువారిని, పశువైద్యుని అడుగవలెను. వయస్సును, రోగమును దాచరాదు. దాచి యిచ్చినది నెల తిరుగకుండ మరల వీధిపాలగును. పిల్లలు కలుగకుండ శస్త్రచికిత్సయు, రేబిస్ టీకాయు ముందే చేయించినచో పుచ్చుకొనువారు జంకరు. ఒకటి రెండు మార్లు ఆ యింటివారిని పిలిచి వారిచేతనే అన్నము పెట్టింపవలెను. పంపునాడు దాని గిన్నెను, అది పరుండిన గోనెపట్టాను తోడుగా పంపుట మంచిది. తెలిసిన వాసన ప్రక్కన నున్నచో మొదటి రాత్రి దానికి కొంత నిద్ర పట్టును.