కావలియు నమ్మకమును

తలుపునకు తాళము వేసికొనుట తప్పని యెవరును అనరు. తాళమునకు అందరును సమానులే. అది పరులను ఆపును గాని, ఎవరిని గూర్చియు ఏమియు వ్రాసి యుంచుకొనదు. నేడు తాళమునకు తోడుగా కన్నులు గల యంత్రములు మన యిండ్లలో ప్రవేశించినవి. అవి చూచును, చూచినదానిని దాచును, దూరపు ఊరిలో నున్నవానికిని చూపును. ఇట్టి కావలి ఎంతవరకు ధర్మము? ఎచ్చట అది పరుల మర్యాదకు భంగమగును? ఈ ప్రశ్న నాకు గ్రంథములలో గాక మా వంటయింటిలో ఎదురైనది.

మాది బరంపురము. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమై, ఈ ఊరు మద్రాసు రాజధానినుండి విడివడినప్పుడును మా తాతగారు ఇల్లు కదలలేదు. ఇప్పుడు ఆ ఇంట మేము ముసలివారము ఇద్దరమే యున్నాము. ఏటికి రెండు నెలలు బెంగుళూరులో కుమారుని యొద్దకు పోవుదుము. వీథిలో ఒక ఇంట దొంగలు పడిన పిదప మా చిన్నవాడు సెలవులకు వచ్చి, "నాన్నగారూ, మన కావలి మనమే కట్టుకొందాము" అనెను.

కట్టితిమి. అరచేతిలో ఇముడు రాస్ప్‌బెర్రీ పై అను కంప్యూటరు దానికి మెదడు. హోమ్ అసిస్టెంట్ అను ఉచితపు సాఫ్ట్‌వేరు దానిని నడుపును. తలుపు రెక్కకు చిన్న అయస్కాంతమును, చట్రమునకు రీడ్ స్విచ్చిని బిగించితిమి. తలుపు మూసియున్నంతసేపు అయస్కాంతము స్విచ్చిలోని సన్నని రేకులను కలిపి యుంచును. తెరచినంతనే అవి విడిపోవును, వార్త కంప్యూటరునకు చేరును. హాలులో మనిషి ఒంటి వేడిమి కదలికను పసిగట్టు సెన్సరు నుంచితిమి. కరెంటు పోయినను ఆగకుండ అన్నిటిని ఇన్వర్టరునకు కలిపితిమి. ఒక సైరనును, రెండు కెమెరాలును చేర్చితిమి. జీవితమంతయు ఫైళ్ళు కట్టిన చేతులతో స్క్రూలు బిగించుట నాకెంతయో ముచ్చట గొలిపెను. దృశ్యములు ఏ కంపెనీ వారికిని పోక మా యింటనే నిలుచునని గర్వము కూడ కలిగెను.

ఒక కెమెరా వీథి గుమ్మమున నుంచితిమి. రెండవదానిని వంటయింట దొడ్డితలుపు కొరకని నేనే బిగించితిని. మరునాడు, పదునెనిమిది ఏండ్లుగా మా యింట పని చేయుచున్న ఆమె గిన్నెలు తోముచు తల యెత్తి చూచి, "బాబుగారూ, ఈ కన్ను దొంగోడి కోసమా, నా కోసమా?" అని అడిగెను.

"దొంగ కోసమే" నంటిని. కాని కెమెరా దొడ్డితలుపు వైపు గాక గిన్నెల అలమార వైపు తిరిగి యుండెను. అంతకు రెండు నెలల క్రితము వెండి గిన్నె యొకటి కనబడకపోయెను. నేను ఆమెను ఒక మాటయు అనలేదు. మనస్సులో మాత్రము అనుకొంటిని. నోటితో అనుటకు సిగ్గుపడినదానిని యంత్రము చేత అనిపించితినని ఆ క్షణమున గ్రహించితిని.

మా చిన్నవాడు ఒప్పుకొనలేదు. "తప్పు చేయనివారికి భయమెందుకు? కెమెరా యున్నచో ఆమె నిర్దోషియని తేలును గదా" యనెను. ఇది తేలికగా త్రోసివేయదగిన వాదము కాదు. అయినను నాకొకటి జ్ఞప్తికి వచ్చినది. నేను పని చేసిన యొక కార్యాలయమున ఒక అధికారి, సాయంకాలము ఇండ్లకు పోవు గుమాస్తాల సంచులు వెదకించెడివాడు. నా సంచిలో టిఫిను డబ్బా తప్ప ఏమియు నుండెడిది కాదు. భయము లేదు గాని అవమానము మిక్కుటముగ నుండెడిది. అంతకుముందు అడుగకయే రాత్రి దాక కూర్చుండి పని ముగించిన మేము, ఆ దినమునుండి గంట కొట్టగనే లేచిపోతిమి. ప్రతిదినము రుజువు చేసికొనవలసిన నిజాయితీపై మనిషికి మమకారము నిలువదు.

అట్లని కెమెరాయే పాపమనుట తగదు. 1966లో న్యూయార్కు నగరమున మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అను నర్సు భర్తతో కూడి ఇటువంటి గృహరక్షణ యంత్రమునకు పేటెంటు కోరెను. 1969లో అది లభించెను. తరచుగ ఒంటరిగ నుండు ఆమెకు పిలిచిన వెంటనే పోలీసులు వచ్చెడివారు కారు. ఆమె కల్పించినది తలుపునందు వేరువేరు ఎత్తులలో నాలుగు రంధ్రములు, వాని వెనుక కదలు కెమెరా, లోపల చూచుటకు తెర, బయటివానితో మాటలాడుటకు మైక్రోఫోను. ఆ కన్ను బయటికే తిరిగి యుండెను. తలుపు తీయుటకు ముందు వచ్చినవారిని తెలిసికొనుట దాని పని. మనమే నమ్మి లోనికి పిలిచినవారిని గమనించుట కాదు.

ఈ విషయమున చట్టము మనలను గడప వరకే తీసికొనిపోవును. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల పీఠము ఆంతరంగికత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పెను. కాని వ్యక్తిగత సమాచార రక్షణకై చేసిన 2023 నాటి చట్టము, ఒక వ్యక్తి కేవలము తన సొంత, గృహావసరములకై వాడుకొను సమాచారమునకు వర్తింపదు. కావున గడప లోపలి న్యాయము చాలవరకు గృహస్థుని మనస్సాక్షికే మిగిలినది.

ఆ సాయంకాలమే వంటయింటి కెమెరాను విప్పితిని. దానిని దొడ్డిగోడకు బయటివైపు బిగించి, పొరుగువారి నూతిగట్టు అందులో పడకుండ త్రిప్పితిని. వీథి కెమెరా సంగతి ఎదురింటివారికి చెప్పి, వారి అరుగు కనబడకుండ సరిచేసితిని. ఆమెతో "ఆ కన్ను అక్కడ పెట్టుట నా తప్పు" అని చెప్పితిని. ఆమె ఏమియు అనక పని చూచుకొనెను.

మేము బెంగుళూరున నుండగా ఒక రాత్రి సైరను మ్రోగెను. నా ఫోనునకు వార్త క్షణములో చేరెను. చేరిన నేమి? నేను వందల మైళ్ళ దూరమున నున్నాను. మా మాట వచ్చియు రాని ఎదురింటి ఒడియా పెద్దమనిషి టార్చి పట్టుకొని వచ్చెను. తాళపుచెవి పుచ్చుకొని ఆమె వచ్చెను. లోపల చూడగా సెన్సరు ముందు బల్లి ప్రాకుచుండెనట! యంత్రము కేక వేయగలదు. కేక విని లేచి వచ్చుటకు మనుష్యులు కావలెను. పరభాష నడుమ మన పెద్దలు తరతరములు నిశ్చింతగ నిద్రించినది అట్టి మనుష్యులను సంపాదించుకొనుట చేతనే.

వెండి గిన్నె నేటికిని దొరకలేదు. అది ఏమైనదో నేనెరుగను. ఇంటి తాళపుచెవి మాత్రము ఆమె యొద్దనే యున్నది.